సాస్, క్విన్నెన్ ఇద్దరూ వెళ్లిపోయారు, చేతిలో 5 ఫస్ట్ రౌండ్ పిక్స్: జెట్స్ క్వార్టర్‌బ్యాక్‌ని ఇప్పుడే తీసుకోవాలా, 2027 దాకా ఆగాలా?

గ్రీన్‌జెర్సీ:

2025 నవంబరు 4, మంగళవారం సాయంత్రం మావాడు స్కూల్ నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా "నాన్నా, సాస్‌ని నిజంగానే పంపించేశారా?" అని అడిగాడు. వాడికి పదేళ్లు. వాడి గది తలుపుకి నంబర్ 1 ఆకుపచ్చ జెర్సీ వేలాడుతూ ఉంటుంది. జులైలో మన న్యూయార్క్ జెట్స్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో టీమ్) డిఫెన్స్ స్టార్ సాస్ గార్డ్‌నర్‌కి నాలుగేళ్ల కొత్త కాంట్రాక్ట్ ఇచ్చారని, ఇంక ఇతను ఎక్కడికీ పోడని ధైర్యంగా కొన్నాను. నాలుగు నెలలు తిరక్కుండా కోల్ట్స్ టీమ్‌కి ఇచ్చేశారు. వాడికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఉండగానే మన ఇంకో డిఫెన్స్ స్టార్ క్విన్నెన్ విలియమ్స్ కౌబాయ్స్‌కి వెళ్లాడని ఫోన్‌లో వచ్చింది.

లెక్క చూస్తే తక్కువేం రాలేదు. సాస్‌కి బదులు కోల్ట్స్ 2026, 2027 ఫస్ట్ రౌండ్ పిక్స్ (ఏటా జరిగే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లోనే కాలేజీ ఆటగాడిని ఎంచుకునే హక్కులు) రెండూ, పైన రిసీవర్ ఏడీ మిచెల్. క్విన్నెన్‌కి 2026 సెకండ్ రౌండ్, 2027 ఫస్ట్ రౌండ్, ఇంకో ఆటగాడు. మన సొంతవి కూడా కలుపుకుంటే వచ్చే రెండు డ్రాఫ్టుల్లో 5 ఫస్ట్ రౌండ్ పిక్స్. మన రికార్డు 1-7 (ఒక గెలుపు, ఏడు ఓటములు). ఆ ఒక్క గెలుపూ బెంగాల్స్ మీద 39-38తో గట్టెక్కింది. ఎక్కువ ఓడిన టీమ్‌కే డ్రాఫ్ట్‌లో ముందు వంతు, అంటే మన సొంత పిక్ కూడా బాగా పైనే ఉంటుంది.

ఇప్పుడు నా టెన్షన్ ఏంటంటే, ఈ పిక్స్ చేతిలో పడగానే అందరూ ఒకటే మాట, క్వార్టర్‌బ్యాక్‌ని (బంతి విసిరి ఆట నడిపేవాడిని) తెచ్చేయండి, కావాలంటే నాలుగు పిక్స్ ఇచ్చైనా పైకి ఎక్కండి అని. ఈ ముచ్చట మనం రెండుసార్లు తీర్చుకున్నాం కదా. 2018లో 6వ స్థానం నుంచి 3కి ఎక్కడానికి కోల్ట్స్‌కి మూడు సెకండ్ రౌండ్ పిక్స్ ఇచ్చి శామ్ డార్నల్డ్‌ని తెచ్చుకున్నాం. మూడేళ్లు అయ్యాక పంపేసి, 2021లో 2వ పిక్‌తో జాక్ విల్సన్. అదీ అయిపోయింది. డార్నల్డ్ ఏమో 2024లో వైకింగ్స్‌కి ఆడి 14-3 తెచ్చిపెట్టాడు, 35 టచ్‌డౌన్ పాసులు. జీనో స్మిత్ కూడా మన 2013 సెకండ్ రౌండ్ పిక్కే, సియాటిల్ వెళ్లాక 2022లో కమ్‌బ్యాక్ ప్లేయర్ అవార్డు కొట్టాడు. ఇద్దరు ఇద్దరూ మన దగ్గర నుంచి బయటపడ్డాకే బాగుపడ్డారంటే తప్పు ఎంచుకోవడంలో ఉందా, ఎంచుకున్నవాడిని మనం ఉంచిన తీరులో ఉందా? నాకైతే రెండోదే అనిపిస్తుంది. ఇది నా మనసులో చాలా ఏళ్లుగా ఉన్న మాట.

2020 డిసెంబరు నాకు ఇంకా గుర్తే. 0-13తో ఉన్నాం, మొదటి పిక్ మనదే, కాలేజీ క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ లారెన్స్ మనవాడే అనుకుంటున్నాం. వెళ్లి రామ్స్ మీద 23-20తో గెలిచాం. మా ఆవిడ "గెలిచారుగా, అలా కూర్చున్నావేంటి" అని అడిగితే నాకు నోటమాట రాలేదు. మరుసటి వారం బ్రౌన్స్ మీద కూడా గెలిచాం. లారెన్స్ జాగ్వార్స్‌కి వెళ్లాడు. సొంత టీమ్ గెలిస్తే బాధపడే రోజు ఇంకోసారి రాకూడదని ఉంది. మళ్లీ అలాంటి సీజన్‌లోనే ఉన్నాం.

అందుకే అడుగుతున్నా. 2026లో క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకోవాలా, క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లైన్ గట్టి చేసుకుని 2027లో మూడు ఫస్ట్ రౌండ్ పిక్స్‌తో వెళ్లాలా? మీరేమంటారు?

ఓలైన్‌ముందు:

అన్నా, లైన్. ముందు లైన్, తర్వాత లైన్, ఆ తర్వాతే క్వార్టర్‌బ్యాక్.

దీనికి ఎక్కడికో పోయి ఉదాహరణ వెతకక్కర్లేదు, మన చరిత్రే చాలు. 2006లో మనకి 4వ పిక్ ఉంది. క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ లైనార్ట్‌ని ఇంకా ఎవరూ తీసుకోలేదు, కాలేజీలో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ గెలిచినవాడు, జనమంతా అతనే కావాలన్నారు. మనవాళ్లు లైన్‌లో ఎడమ చివర నిలబడే లెఫ్ట్ టాకిల్ డిబ్రికషా ఫెర్గూసన్‌ని తీసుకున్నారు. అదే రౌండ్‌లో 29వ పిక్‌తో లైన్ మధ్యలో ఉండే సెంటర్ నిక్ మ్యాంగోల్డ్. లైనార్ట్ 10వ పిక్‌గా ఆరిజోనా వెళ్లి నిలబడలేకపోయాడు. ఫెర్గూసన్ పదేళ్లు ఆడాడు, ఒక్క మ్యాచ్ కూడా తప్పలేదు. మ్యాంగోల్డ్ గురించి నేను చెప్పేదేముంది. 2009లో మార్క్ శాంచెజ్ అనే రూకీని (మొదటి ఏడాది ఆటగాడిని) తెచ్చి ఆ ఇద్దరి వెనకాల నిలబెడితే వరసగా రెండేళ్లు ఏఎఫ్‌సీ ఫైనల్ (లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌కి ముందు మెట్టు) దాకా వెళ్లాం. శాంచెజ్ గొప్ప క్వార్టర్‌బ్యాక్ అని ఎవరైనా అంటారా? అనరు. కానీ అతనికి బంతి పట్టుకుని చుట్టూ చూసే టైమ్ దొరికింది. 2010 సీజన్ తర్వాత మనం ప్లేఆఫ్స్ మొహం చూడలేదు.

మ్యాంగోల్డ్ 41 ఏళ్లకే పోయాడు, మొన్న అక్టోబరు 25న. కిడ్నీ కోసం ఎదురుచూస్తూ ఉన్నాడు పాపం. ఆ మర్నాడే బెంగాల్స్ మీద గెలిచాం. ఆ మ్యాచ్ చూస్తున్నంతసేపూ నా కళ్లు బంతి మీద లేవు, స్నాప్ ఇచ్చే (బంతిని వెనక్కి అందించే) సెంటర్ మీదే ఉన్నాయి.

ఇంకోటి. 2018లో డార్నల్డ్ కోసం మనం కోల్ట్స్‌కి ఇచ్చిన పిక్స్‌తో వాళ్లు ఏం చేశారో చూశారా? 6వ పిక్‌తో గార్డ్ (సెంటర్ పక్కన నిలబడేవాడు) క్వెంటన్ నెల్సన్, 37తో టాకిల్ బ్రేడెన్ స్మిత్. మన పిక్స్‌తో వాళ్ల లైన్ కట్టుకున్నారు. మనం ఆ పిల్లాడిని ఓ చిల్లుల గోడ వెనకాల నిలబెట్టాం. 2019లో పేట్రియట్స్ మీద 33-0తో ఓడిన రాత్రి మీరూ చూసే ఉంటారు, డార్నల్డ్‌కి 4 ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్లు పట్టేసిన పాసులు). బెంచ్ మీద కూర్చుని దెయ్యాలు కనిపిస్తున్నాయని అన్నాడు, మైకులో అందరికీ వినిపించింది. 22 ఏళ్ల కుర్రాడు. ఆ మాట విన్నప్పుడు నాకు కోపం అతని మీద రాలేదు.

ఒలూ ఫషాను 2024లో 11వ పిక్, ఆర్మండ్ మెంబూ ఈ ఏడాది 7వ పిక్. రెండు పక్కలా టాకిల్స్ వచ్చేశారు. ఇంకో సీజన్ ఆగి మధ్యలో గార్డులని కూడా సరి చేసుకుంటే 2027లో వచ్చేవాడు అదృష్టవంతుడు.

మూడోడౌన్:

ఓలైన్ గారూ, మీరంటే గౌరవమే గానీ ఈ లైన్ మాట సగమే నిజం.

లండన్‌లో బ్రాంకోస్ మ్యాచ్ చూశారుగా. మన క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్‌ని 9 సార్లు శాక్ చేశారు (బంతి విసిరేలోపే పడగొట్టారు). శాక్స్‌లో పోయినవి తీసేస్తే పాసింగ్‌లో మనకి మిగిలింది మైనస్ 10 యార్డులు. మైనస్! ఆ మ్యాచ్ 13-11తో ఓడాం, అంటే డిఫెన్స్ గెలిపించినంత పని చేసింది. అయితే ఆ 9 శాక్స్ మొత్తం లైన్ తప్పేనా? నేను ఆ మ్యాచ్ మళ్లీ పెట్టుకుని ఆపి ఆపి చూశాను. కొన్నిట్లో పాకెట్ (లైన్ కాపాడే చోటు) బాగానే ఉంది, ఫీల్డ్స్ మొదటి రిసీవర్‌ని చూస్తాడు, రెండోవాడి దగ్గరికి కళ్లు వెళ్లవు, బంతి పట్టుకునే ఉంటాడు, కాళ్లు కదపడం మొదలుపెడతాడు, ఆ కదలికతోనే టాకిల్ పక్కనుంచి వచ్చేవాడికి దారి దొరికిపోతుంది. బేర్స్‌లో ఉన్నప్పుడు 2022లో కూడా ఇదే, 55 శాక్స్. టీమ్ మారినా, లైన్ మారినా ఆ సంఖ్య మాత్రం అతని వెంటే వస్తోంది. శాక్ అనేది చాలావరకు క్వార్టర్‌బ్యాక్ చేతిలో ఉండే విషయం.

2021లో బెంగాల్స్‌ని తీసుకోండి. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జో బరో ముందు ఏడాది మోకాలు పోగొట్టుకున్నాడు. అందరూ టాకిల్ పెనె సూయెల్‌ని తీసుకోమన్నారు. వాళ్లు రిసీవర్ జమార్ చేజ్‌ని తీసుకున్నారు. ఆ సీజన్‌లో బరో లీగ్‌లో అందరికన్నా ఎక్కువగా 51 శాక్స్ తిన్నాడు, అయినా సూపర్ బౌల్ ఆడాడు. అక్కడ 7 శాక్స్‌తో ఓడారు, నిజమే, కాదనను. కానీ అంత బలహీనమైన లైన్‌తో ఆఖరి మ్యాచ్ దాకా వెళ్లగలిగారంటే కారణం ఒక్కటే, బరో.

డబ్బు సంగతి కూడా ఎవరూ మాట్లాడట్లేదు. 2010లో శామ్ బ్రాడ్‌ఫర్డ్ మొదటి పిక్‌గా వచ్చినప్పుడు ఆరేళ్లకి 7.8 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్, అందులో 5 కోట్లు గ్యారంటీ. తప్పు చేస్తే టీమ్ మునిగిపోయేది. 2011 నుంచి రూకీ జీతాలకి పరిమితి పెట్టారు, ఆ ఏడాది మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకి 2.2 కోట్లు. ఇప్పుడు ఎంచుకున్నవాడు పనికిరాకపోయినా రెండేళ్లలో ఇంకొకడిని తెచ్చుకోవచ్చు. పనికొస్తే నాలుగేళ్లపాటు తక్కువ జీతానికి దొరుకుతాడు, మిగిలిన డబ్బుతో మీరు అడిగే గార్డులని కొనుక్కోవచ్చు. అంటే ముందు క్వార్టర్‌బ్యాక్, అతని చుట్టూ లైన్. వరస అదీ.

2026లో నచ్చినవాడు కనిపిస్తే తీసుకోండి. 2027లో ఎవరు వస్తారో ఈ రోజు కూర్చుని చెప్పగలిగేవాడు ఎవడూ లేడు.

డాగ్‌పౌండ్:

నేను బ్రౌన్స్ ఫ్యాన్‌ని, ఆదివారం మీ దగ్గరికే వస్తున్నాం. మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి, పిక్స్ పోగేయడం గురించి మాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు, అందుకే రాస్తున్నా.

2016లో మా చేతిలో 2వ పిక్ ఉంది. అమ్మేసి ఇంకా పిక్స్ తెచ్చుకున్నాం, ఆ పిక్‌తో ఈగల్స్ క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్‌ని తీసుకున్నారు. 2017లో 12వ పిక్ మాది. దాన్నీ టెక్సన్స్‌కి అమ్మాం, వాళ్లు ఇంకో క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్‌ని తీసుకున్నారు. అంతకు రెండు పిక్స్ ముందే, 10వ పిక్‌గా ప్యాట్రిక్ మహోమ్స్ వెళ్లాడు. ఆ రెండు సీజన్లు మా రికార్డు 1-15, 0-16. పిక్స్ మాత్రం బీరువా నిండా ఉన్నాయి. వచ్చే ఏడాది, వచ్చే ఏడాది అని ఆశపడుతూ మ్యాచ్‌లకి వెళ్లేవాళ్లం. చివరికి 2022లో అదే వాట్సన్ కోసం మూడు ఫస్ట్ రౌండ్ పిక్స్, 23 కోట్ల డాలర్ల పూర్తి గ్యారంటీ కాంట్రాక్ట్ ఇచ్చాం. ఉత్తినే దొరికే రోజున వదిలేసినవాడిని అంత పెట్టి కొన్నాం. ఆ వ్యవహారం గురించి ఇంతకన్నా రాయబుద్ధి కావట్లేదు.

కాబట్టి పిక్స్ ఉన్నంత మాత్రాన ప్లాన్ ఉన్నట్టు కాదు. అలాగని పైకి ఎక్కడానికి అన్నీ ఊడ్చి ఇవ్వకండి. 2021లో 49ఎర్స్ 12 నుంచి 3కి ఎక్కడానికి రెండు భవిష్యత్తు ఫస్ట్ రౌండ్ పిక్స్, పైన ఒక థర్డ్ రౌండ్ ఇచ్చి ట్రే లాన్స్‌ని తెచ్చారు. వాళ్లకి అతను స్టార్ట్ చేసింది 4 మ్యాచ్‌లు. మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో అందరికన్నా చివరి పిక్, 262వ పిక్, బ్రాక్ పర్డీ వాళ్లని సూపర్ బౌల్‌కి తీసుకెళ్లాడు. 2023లో పాంథర్స్ బ్రైస్ యంగ్ కోసం బేర్స్‌కి ఇచ్చిన వాటిలో మరుసటి ఏడాది ఫస్ట్ రౌండ్ పిక్ ఒకటి ఉంది. పాంథర్స్ 2-15తో ముగించేసరికి అదే నంబర్ 1 పిక్ అయి కూర్చుంది. బేర్స్ దాంతో కేలెబ్ విలియమ్స్‌ని తీసుకున్నారు. మీ 2027 పిక్స్ ఎవరికైనా ఇచ్చే ముందు ఈ సంగతి ఒకసారి గుర్తు తెచ్చుకోండి, మీ టీమ్ ఆ ఏడాది ఎక్కడ ఉంటుందో మీకు తెలీదు.

శనివారంఅంతాకాలేజీ:

నేను ప్రోస్ కన్నా కాలేజీ ఆటే ఎక్కువ చూస్తాను, శనివారం మధ్యాహ్నం నుంచి అర్ధరాత్రి దాకా టీవీ నాదే. అందుకని లైన్ ముందా, క్వార్టర్‌బ్యాక్ ముందా అనే గొడవ జోలికి పోను. నేను చూసేది ఒక్కటి, కుర్రాడు కాలేజీలో ఎన్ని మ్యాచ్‌లు స్టార్ట్ చేశాడు?

మార్క్ శాంచెజ్ 16. మిచెల్ ట్రుబిస్కీ 13. ట్రే లాన్స్ 17. ఆంథనీ రిచర్డ్‌సన్ 13. వీళ్లంతా మొదటి 5 పిక్స్‌లో వెళ్లినవాళ్లే. మరోపక్క బో నిక్స్ 61 మ్యాచ్‌లు స్టార్ట్ చేసి వచ్చాడు, 2024లో 12వ పిక్, మొదటి ఏడాదే బ్రాంకోస్‌ని ప్లేఆఫ్స్‌కి చేర్చాడు. జేడెన్ డేనియల్స్ రెండు కాలేజీల్లో ఐదేళ్లు ఆడి వచ్చి వాషింగ్టన్‌ని ఎన్ఎఫ్‌సీ ఫైనల్‌కి తీసుకెళ్లాడు. పర్డీ కూడా ఐయోవా స్టేట్‌లో నాలుగేళ్లు ఆడినవాడే. ఇది సూత్రం అనను, జోష్ అలెన్‌కి ఏ లెక్కా సరిపోలేదు. కానీ మూడో డౌన్ (మూడో ప్రయత్నం), 9 యార్డులు కావాలి, బ్లిట్జ్ (మీదికి దూసుకొచ్చే అదనపు డిఫెండర్లు) ఎటునుంచి వస్తుందో తెలీదు అనే పరిస్థితి యాభైసార్లు చూసినవాడికీ, ఐదుసార్లు చూసినవాడికీ కళ్లలోనే తేడా తెలిసిపోతుంది.

జాక్ విల్సన్ విషయంలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే. 2020లో అతని కాలేజీ బీవైయూకి 11-1, అదీ కోవిడ్ ఏడాది, పెద్ద టీమ్‌లతో మ్యాచ్‌లు పెద్దగా లేవు. ప్రో డే (ప్రో టీమ్‌ల ముందు ఆట చూపించే రోజు) రోజున ఎడమవైపు పరిగెడుతూ ఒళ్లు తిప్పి అవతలి మూలకి విసిరిన ఆ ఒక్క బంతిని జనం వందసార్లు చూశారు. నేనూ చూశాను, అబ్బ అనుకున్నాను కూడా. ఆ రోజు ఎదురుగా రష్ చేసేవాడు ఒక్కడూ లేడు. తీరా వచ్చాక 2021లో మీ టీమ్‌లో అతనికి పక్కన కూర్చుని చెప్పే అనుభవజ్ఞుడైన క్వార్టర్‌బ్యాక్ లేడు. అతనికి నేర్పడానికి పెట్టుకున్న కోచ్ గ్రెగ్ నాప్ ఆ జులైలోనే సైకిల్ మీద వెళ్తూ ప్రమాదంలో చనిపోయారు. ఆయన స్థానం ఎవరూ నింపలేకపోయారు. జో ఫ్లాకోని తెచ్చేసరికి అక్టోబరు, అప్పటికే విల్సన్ మోకాలికి దెబ్బ. 2022 నవంబరులో పేట్రియట్స్ మ్యాచ్‌లో సెకండాఫ్ మొత్తం మీ ఆఫెన్స్‌కి వచ్చింది 2 యార్డులు. అతని తప్పులు అతనివే, కానీ పునాది వేయని చోట నిలబెట్టారు.

2026 డ్రాఫ్ట్‌కి వచ్చే క్వార్టర్‌బ్యాక్‌లలో చెప్పాలంటే, ఇండియానా ఫెర్నాండో మెండోజా నాకు అందరికన్నా నచ్చాడు. ముందు క్యాల్ (కాలిఫోర్నియా) కాలేజీలో రెండేళ్లు దెబ్బలు తింటూ ఆడి వచ్చాడు, బంతి త్వరగా వదులుతాడు, దెబ్బ తగిలాక కూడా తర్వాతి ఆటలో పాదాలు వణకవు. ఒరెగాన్ డాంటే మూర్ చేతిలో బలం ఎక్కువ, కానీ పూర్తి సీజన్ స్టార్టర్‌గా ఇదే మొదటిది. అలబామా టై సింప్సన్‌కీ అంతే, ఇదే మొదటి ఏడాది. వాళ్లిద్దరూ ఇంకో ఏడాది కాలేజీలోనే ఉంటే వాళ్లకీ మంచిది, మీకూ మంచిది.

మూడోడౌన్:

అక్కా, మెండోజా విషయంలో నేను మీతోనే. కానీ అతను మన పిక్ దాకా మిగలకపోతే ఏం చేస్తారు? కోల్ట్స్ ఫస్ట్ రౌండ్ పిక్ ఎలాగూ చివర్లో ఉంటుంది. అది ఇచ్చి రెండు స్థానాలు ఎక్కితే తప్పేంటి? 2027వి ముట్టుకోకుండా.

శనివారంఅంతాకాలేజీ:

2027వి ముట్టుకోకపోతే నాకు అభ్యంతరం లేదు. ఇంకో షరతు, వచ్చినవాడిని మొదటి ఏడాదే తోసేయకూడదు. మహోమ్స్ అంతటివాడు 2017 మొత్తం అలెక్స్ స్మిత్ వెనకాల కూర్చుని స్టార్ట్ చేసింది ఒక్క మ్యాచ్. జోర్డన్ లవ్ మూడేళ్లు ఆగాడు.

ఓలైన్‌ముందు:

కూర్చోబెట్టేట్టయితే నాకూ ఓకే. ఆ ఏడాదిలో గార్డులని తెచ్చుకుంటాం. కానీ 0-4 కాగానే స్టేడియం అంతా కొత్త కుర్రాడి పేరు అరుస్తుంది, అప్పుడు కోచ్ ఆరన్ గ్లెన్ నిలబడతాడా? యజమాని నిలబడనిస్తాడా?

గ్రీన్‌జెర్సీ:

అందరికీ థాంక్స్, రెండుసార్లు చదివాను.

ఓలైన్ అన్నా, ఆ అరుపుల్లో నా గొంతు కూడా ఉంటుందేమోనని భయం. 2023 సెప్టెంబరు 11న నేను స్టేడియంలోనే ఉన్నాను, మావాడిని మొదటిసారి తీసుకెళ్లింది ఆ రోజే. కొత్తగా తెచ్చుకున్న స్టార్ క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ జెండా పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చినప్పుడు నా భుజాల మీద కూర్చుని ఉన్నాడు. నాలుగో స్నాప్‌కి రాడ్జర్స్ కింద కూర్చుండిపోయాడు, లేవలేదు. అంత పెద్ద స్టేడియంలో పక్కవాడు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. అదే రాత్రి ఓవర్‌టైమ్‌లో జేవియర్ గిప్సన్ 65 యార్డుల పంట్ రిటర్న్‌తో (అవతలివాళ్లు తన్నిన బంతిని పట్టుకుని పరిగెత్తి) గెలిపిస్తే ముక్కూ మొహం తెలియనివాళ్లు మావాడిని ఎత్తుకుని గాల్లోకి ఎగరేశారు. ఒక్క మనిషి వచ్చి అన్నీ మార్చేస్తాడని నమ్మడం నేను ఆ రాత్రితో మానేశాను.

అక్క చెప్పిన రెండు షరతులూ నాకు నచ్చాయి. 2027 పిక్స్ మూడూ అలాగే ఉండాలి. మెండోజా మనదాకా వస్తే తీసుకోవాలి, మూడోడౌన్ అన్నట్టు కోల్ట్స్ పిక్ ఇచ్చి రెండు మెట్లు ఎక్కాల్సొచ్చినా సరే. రాకపోతే గార్డుని తీసుకుని ఊరుకోవాలి. మూర్‌నో, సింప్సన్‌నో భయంతో లాక్కోకూడదు. పక్కన కూర్చుని నేర్పడానికి ఓ పెద్ద వయసు క్వార్టర్‌బ్యాక్‌ని మార్చిలోనే సంతకం చేయించుకోవాలి, ఫ్లాకోని తెచ్చినట్టు అక్టోబరులో కాదు.

డాగ్‌పౌండ్ బ్రదర్, ఆదివారం మేమూ వస్తున్నాం. సాస్ జెర్సీ వేసుకోవచ్చా అని మావాడు నిన్న రాత్రి అడిగాడు. వేసుకోమన్నాను.